సందులో లగ్జరీ పోర్షన్

కాకినాడ రామారావుపేటలో ఒక గేటుకి కొత్తగా బోర్డు వేలాడుతోంది. "టు లెట్. లగ్జరీ సింగిల్ పోర్షన్. గాలి, వెలుతురు, మంచినీళ్ళు కలవు. చిన్న ఫ్యామిలీకి మాత్రమే. బ్రోకర్లు రావద్దు." బ్రోకర్లు ఎలాగూ రారు. వచ్చినా పట్టరు. ఎందుకంటే ఆ పోర్షన్ ఉన్నది ఇంటికీ ప్రహరీగోడకీ మధ్యనున్న సందులో.

నిన్నమొన్నటిదాకా అక్కడ రెండు కరివేపాకు మొక్కలు, ఒక పాత సైకిలు, ఒక పిల్లి ఉండేవి. మొక్కల్ని పీకేశారు. సైకిలుని పాతసామాన్లవాడికి వేసేశారు. పిల్లి మాత్రం రోజూ వచ్చి గోడమీద కూర్చుని, తను ఉచితంగా పడుకున్న చోటికి నెలకి ఆరున్నర వేలు ఎలా పలుకుతోందా అని చూస్తోంది. దానికి ఫ్యామిలీ ఉంది. చిన్నదే. అయినా అడ్వాన్సు ఇవ్వలేకపోయింది.

నగరాల్లో ఇళ్ళ కొరత ఎలా తీర్చాలో తెలియక ప్రభుత్వాలు తలలు పట్టుకుంటుంటే, మా ఊరి ఇంటి యజమానులు టేపు పట్టుకుని సందుల్లోకి దిగారు. ఈ సేవని ఇంతవరకూ ఎవరూ గుర్తించకపోవడం బాధాకరం. కనీసం ఆగస్టు పదిహేనుకి ఇచ్చే ప్రశంసాపత్రమైనా ఇచ్చి ఉండాల్సింది.

కాకినాడకి పెన్షనర్ల స్వర్గం అని పాత పేరు. తిన్నని వీధులు, చదునైన నేల, మోకాళ్ళకి పని చెప్పని ఊరు. రిటైరైనవాళ్ళు ఇక్కడ రెండొందల గజాలు కొనుక్కుని, ముందు అరుగు, వెనక పెరడు, పెరట్లో ఒక సపోటా చెట్టు వేసుకుని ప్రశాంతంగా బతికేవారు. తర్వాత జేఎన్‌టీయూ పెరిగింది. రంగరాయ మెడికల్ కాలేజీ పెరిగింది. పెద్దాసుపత్రికి తోడు నర్సింగ్ హోములు మొలిచాయి. పోర్టు పెరిగింది, గ్యాసు కంపెనీలొచ్చాయి. కుర్రకారు గదుల కోసం వీధివీధీ తిరగడం మొదలెట్టారు. అప్పుడు స్వర్గవాసులకి ఒక సత్యం బోధపడింది: సపోటా చెట్టు అద్దె కట్టదు.

ముందు చెట్టు పోయింది. చెట్టుతో పెరడు పోయింది. మేడ లేచింది, మేడమీద ఇంకో మేడ లేచింది. కారు షెడ్డుకి షట్టరు తీసేసి తలుపు పెట్టారు. ఆ కారు ఇప్పుడు వీధిలో, మునిసిపాలిటీ వారి స్థలంలో, పైసా అద్దె లేకుండా నిద్రపోతోంది. మెట్ల కింద నీళ్ళ మోటారు ఉండే చోట మనిషి కూడా ఉండొచ్చని ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు. ఆ గదిలో నిటారుగా నిలబడే సౌకర్యం తలుపు దగ్గర మాత్రమే ఉంటుంది. లోపలికి వెళ్ళేకొద్దీ వినయం పెరుగుతుంది. ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి ఈ రోజుల్లో వినయం లేదని బాధపడే పెద్దలు వాళ్ళని ఓ సెమిస్టరు అక్కడ ఉంచి చూడొచ్చు.

ఇవన్నీ అయిపోయాక మిగిలింది సందు. ప్లాను పాసు చేయించుకునేటప్పుడు ఇంటి చుట్టూ ఇంత జాగా వదులుతానని సంతకం పెట్టి మరీ వదిలిన జాగా. దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. గాలి ఆడడానికి, వెలుతురు పడడానికి, నిప్పంటుకుంటే మనుషులు బయటపడడానికి వదలమన్నారు. మా వాళ్ళు వదిలారు. అధికారి వచ్చి చూసి వెళ్ళేదాకా వదిలారు.

మా మేనల్లుడికి యూనివర్సిటీలో ఎంటెక్ సీటొచ్చింది. వాణ్ణి తీసుకుని అలాంటి సందు పోర్షన్ ఒకటి చూడ్డానికి వెళ్ళాను. ఓనరుగారు రిటైర్డ్ ఆఫీసరు. తెల్ల లుంగీ, తెల్ల బనీను, నుదుట బొట్టు, చేతిలో తాళాల గుత్తి. మర్యాదకి ఏం లోటు లేదు, గోదారి జిల్లా కదా.

"రండి మాస్టారూ, రండి బాబూ. చెప్పులు అక్కడ విప్పకండి, అది హాలు."

నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"అక్కడ కూడా వద్దండి, అది కిచెను."

మావాడు చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

లోపలికి వెళ్ళాం. ఒకరి వెనక ఒకరం, ఎందుకంటే పక్కపక్కన పట్టం. మావాడు మోచేతులు పూర్తిగా చాపకముందే రెండు పక్కలా గోడలు తగిలాయి. ఎడమ గోడ ఓనరుగారిది. కుడి గోడ పక్కింటివాళ్ళ ప్రహరీ, దానిమీదే ఇంకో నాలుగు వరసలు ఇటుక లేపి రేకులు వేశారు. "పక్కింటాయన ఏమీ అనలేదా?" అన్నాను. "ఎలా అంటారండీ? ఆయన అవతలి సందులో కట్టుకున్నారు. మేం అన్నామా?" అన్నారు. ఇరుగుపొరుగుల మధ్య ఇంత సఖ్యత నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు.

కిటికీ ఒకటుంది. తెరిస్తే ఓనరుగారి బెడ్‌రూము ఏసీ తాలూకు బయటి డబ్బా సరిగ్గా మొహానికి ఎదురుగా ఉంది. బోర్డు మీద రాసిన గాలి అదేనని అర్థమైంది. వెలుతురు సంగతి అడిగితే పైకి చూపించారు. సిమెంటు రేకుల మధ్య ఒక ప్లాస్టిక్ రేకు వేశారు. దానిమీద కొబ్బరిమట్ట ఒకటి పడి ఉంది. "మట్ట తీసేస్తే పగలంతా లైటే అక్కర్లేదండి," అన్నారు. తీస్తామని మాత్రం అనలేదు.

మంచం వేసి ఉంది. మంచం పోగా మిగిలింది అడుగున్నర నడకదారి. మావాడికి కాలికి ఏదో తగిలింది. వంగి చూశాడు. మంచం కింద చాప, చాప కింద సిమెంటు పలక, పలకకి రెండు ఇనుప కొక్కేలు.

"ఇదేంటండీ?"

"ఏం లేదు బాబూ, ట్యాంకు మూత."

"నీళ్ళ ట్యాంకా అండీ?"

ఓనరుగారు ఒక క్షణం ఆలోచించి, "నీళ్ళు కూడా ఉంటాయి," అన్నారు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మన డెల్టా ఊళ్ళలో అందరూ సెప్టిక్ ట్యాంకు కట్టేది ఆ సందులోనే. నేల చూస్తే నల్లరేగడి, కాస్త తవ్వితే నీళ్ళు. వానాకాలం వచ్చిందంటే ఇంట్లో ఎవరి ప్రమేయం లేకుండానే ట్యాంకు నిండిపోతుంది. సందు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ట్యాంకుకీ పిల్లికీ మధ్యే ఉండేది.

"ఏడాదికోసారి బండి వస్తుందండి," అని ధైర్యం చెప్పారు ఓనరుగారు. "వానలెక్కువైతే రెండుసార్లు. బాబు మంచం తీసి కాసేపలా వీధిలో పెట్టుకుంటే పైపు లోపలికి వచ్చేస్తుంది. ఒక పూట పని. ఆ రోజు టిఫిను మా ఇంట్లోనే."

మూల నుంచి ఒక పీవీసీ గొట్టం రేకుల్లోంచి పైకి వెళ్ళింది. అది దేని గాలి గొట్టమో ఇక అడగలేదు. బట్టలు తగిలించుకోడానికి బావుంటుందని ఆయనే చెప్పారు. "కిందటేడు ఉన్న కుర్రాడు దానికి మేకు కొట్టాడండి. కొట్టకూడదు. అదొక్కటే మా కండిషను." ఆ కుర్రాడు ఎందుకు ఖాళీ చేశాడో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

బయటికొచ్చాక కాఫీ ఇచ్చారు. చక్కని ఫిల్టరు కాఫీ, స్టీలు గ్లాసుల్లో, ఇద్దరికీ చెరో మడతకాజాతో. తాగుతుంటే ఫోన్‌లో ఫొటో చూపించారు. వాళ్ళబ్బాయి కాలిఫోర్నియాలో ఇంటి వెనక అద్దెకిచ్చే చిన్న ఇల్లు కట్టిస్తున్నాడట. దాన్ని అక్కడ ఏడీయూ అంటారట. "చూశారా, మనం ఎప్పుడో మొదలెట్టింది వాళ్ళు ఇప్పుడు మొదలెట్టారు," అన్నారు, పుత్రోత్సాహం పొంగిపోతూ.

నిజమే, అక్కడా ఇళ్ళ కొరతే. అక్కడి ప్రభుత్వం 2016 నుంచి చట్టాలు మార్చుకుంటూ వస్తోంది. ఇప్పుడు పెరట్లో ఇల్లు కడతానని ఎవరైనా సవ్యంగా దరఖాస్తు పెడితే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చెయ్యాలి. పక్కలా వెనకా నాలుగడుగుల కంటే ఎక్కువ వదలమని బలవంతపెట్టకూడదు. ఈ నాలుగడుగుల మాట విని ఓనరుగారు చాలాసేపు ఆలోచనలో పడ్డారు. అబ్బాయి వృథాగా వదిలేస్తున్న ఆ నాలుగడుగుల్లో ఇక్కడైతే హాలు, కిచెను, అటాచ్డ్ బాత్రూము వచ్చేస్తాయి. 60 రోజుల సంగతి ఇంకా విడ్డూరంగా తోచింది. "రెండో శనివారం, ఆదివారం, మధ్యలో ఒక పండగ కలిసొస్తే మనకి గోడలు లేచిపోతాయి కదండీ!" అన్నారు. ఆఫీసులకి సెలవులు ఎందుకిస్తారో చాలామందికి తెలీదు. మా ఊరి మేస్త్రీలకి తెలుసు.

మనకీ నిబంధనలు ఉన్నాయి. లేవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. జాతీయ భవన నిర్మాణ కోడ్ అని ఒకటుంది. మనిషి ఉండే గది కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలంటుంది, అంటే సుమారు వంద చదరపు అడుగులు. వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలి. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీలూ అవీ కలిపి గది నేలలో ఆరో వంతు ఉండాలి. ఇవి మన దగ్గర బాగానే పాటిస్తున్నారు, కాకపోతే పూజగదికి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నియమాలు ఉన్నాయి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ కూడా ఉన్నారు. పాపం ఆయన నోటీసు ఇస్తారు. ఓనరుగారు ఆ నోటీసుని గోడకి ఆనించి పెడతారు, గోడ ఇంకా తడిగానే ఉంటుంది.

ఒక చిత్రం గమనించారా? టౌన్ ప్లానింగ్ వాళ్ళు జీవో చూపించి వదలమన్నా వదలని గజం జాగాని, వాస్తు సిద్ధాంతి వేలు చూపిస్తే వదిలేస్తారు. ఈశాన్యం మూల మీద ఒక్క ఇటుక పెట్టరు. నైరుతిలో ఎంత బరువైనా పెడతారు, మనుషుల్ని కూడా. కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. ప్లానింగ్ సెక్రటరీ పోస్టులన్నీ రద్దు చేసి సిద్ధాంతుల్ని తీసుకోండి. "సెట్‌బ్యాకులో గోడ లేస్తే పెద్దబ్బాయికి వీసా రాదు" అని ఒక్క మాట పంచాంగంలో వేయించండి. రాత్రికి రాత్రి సందులన్నీ ఖాళీ అయిపోతాయి.

లేదంటే బీపీఎస్ ఉండనే ఉంది. అక్రమంగా కట్టినదానికి డబ్బు కట్టించుకుని సక్రమం చేసే పథకం. గోదారికి పుష్కరాలు 12 ఏళ్ళకి గానీ రావు. ఈ పుష్కరాలు అంత నిరీక్షణ పెట్టవు. 2007 చివర్లో వచ్చాయి, 2015లో వచ్చాయి, 2019లో వచ్చాయి, 2025లో మళ్ళీ వచ్చాయి. 2015లో అయితే రెండూ ఒకే ఏడు వచ్చాయి. రాజమండ్రి వెళ్ళి ఒక పాపం, మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి ఇంకో పాపం కడుక్కోగలిగిన ధన్యులు మా వీధిలోనే ఉన్నారు. వచ్చే గోదావరి పుష్కరాలు 2027లో. గోడ లేపాలనుకునేవారు ఇంకో బీపీఎస్ ఎలాగూ వస్తుందిలే అనే నమ్మకంతోనే లేపుతున్నారు. ప్రభుత్వాల మీద ఇంత నమ్మకం మన జనానికి ఇంకే విషయంలోనూ లేదు.

నేను అద్దె పోర్షన్లకి వ్యతిరేకిని కాను. భర్త పోయిన టీచరుగారు ఒకావిడ మా వెనక వీధిలో మేడమీద రెండు గదులు వేయించి అద్దెకిస్తున్నారు. స్లాబు, కిటికీలు, వేరే మీటరు, వేరే మెట్లు. ఆ అద్దెతో ఆవిడ మందులు, పిల్ల ఫీజులు గడుస్తున్నాయి. పైన ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కదల్లేదు. ఊరికి అలాంటివి ఇంకో వెయ్యి కావాలి. నా గొడవ, లోపల మనిషి ఉంటాడని ఒక్క క్షణం కూడా అనుకోకుండా కట్టిన గదులతో.

వాటిలో అగ్రతాంబూలం పెంట్‌హౌస్‌ది. సినిమాల్లో పెంట్‌హౌస్ అంటే కోటీశ్వరుడుంటాడు. మా ఊళ్ళో పెంట్‌హౌస్ అంటే మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన నాలుగు గోడలు, పైన సిమెంటు రేకులు, రేకులు లేచిపోకుండా ఇటుకలు. 1996 నవంబరు తుపాను కళ్ళారా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా విరిగి పడ్డాయో వాళ్ళు ఇప్పటికీ కథలుగా చెబుతారు. వాళ్ళే ఇప్పుడు మేడమీద రేకులు వేసి వాటిమీద నాలుగు ఇటుకలు పెడుతున్నారు.

అలాంటి ఒక పెంట్‌హౌస్‌లో ఒక నర్సమ్మాయి ఉండేది. అమలాపురం దగ్గర పల్లెటూరు. నర్సింగ్ హోములో నైట్ డ్యూటీ. రాత్రంతా మన అమ్మలకీ నాన్నలకీ సెలైన్లు మార్చి, పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి పడుకోవాలి. మే నెల. తొమ్మిదింటికే రేకులు కాలడం మొదలవుతాయి. పదకొండుకి ఫ్యాను వేడిగాలి కొడుతుంది. ఆ పిల్ల నేలమీద నీళ్ళు కుమ్మరించి, ఆ తడిలో చాప వేసుకుని, మొహం మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకునేది. ఎవరో చెబితే గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచింది. సాయంత్రానికి ఓనరమ్మగారు పైకొచ్చారు. సంచులు తీసెయ్యమన్నారు. నీళ్ళు వృథా అవుతున్నాయట.

నీళ్ళు వృథా! 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాడని ఊరూరా విగ్రహాలు పెట్టి దండలు వేసే జిల్లాల్లో, కాలవ కట్టలు తెంచుకునేంత నీళ్ళు పారే నేలమీద, రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన ఆడపిల్ల నిద్రకి రెండు బకెట్ల నీళ్ళు వృథా అట. కింద కారు కడగడానికి పైపు పెట్టి వదిలేస్తే అది శుభ్రత.

కరెంటు లెక్క ఇంకా బావుంటుంది. మన దగ్గర ఇళ్ళకి మొదటి 30 యూనిట్లకి యూనిటు 1.90 రూపాయలు, ఆపైన 75 దాకా 3 రూపాయలు. ఒక ఫ్యాను, ఒక లైటు, ఫోన్ చార్జింగు. నెలకి 75 యూనిట్లు కాలిందే అనుకోండి, యూనిట్ల లెక్కన 192 రూపాయలు. ఇతర చార్జీలు దీనికి అదనం. కానీ ఆ పిల్లకి విడి మీటరు లేదు, సబ్ మీటరు. ఆ ఇంటి ఓనరుగారి రేటు యూనిటుకి 12 రూపాయలు. అంటే 900. ఇదేంటండీ అంటే, మొత్తం మా మీటరు మీదే పడుతుంది కాబట్టి మాకు రేటు స్లాబు మారిపోతోంది అంటారు. స్లాబు మారింది కింద మూడు గదుల్లో తిరిగే ఏసీల వల్ల. ఒకవేళ ఈ పిల్ల వల్లే మారిందనుకున్నా, 400 యూనిట్లు దాటాక ఉండే ఆఖరి స్లాబు కూడా 9.75 రూపాయలే! కరెంటు వాళ్ళు కూడా అడగని రేటు రేకుల కింద పడుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తున్నారు. దీన్ని వ్యాపారం అనకండి, నాకు తెలిసిన వ్యాపారస్థులు నొచ్చుకుంటారు.

ఇక ఫోన్ చేస్తే వినిపించే మొదటి ప్రశ్న. అద్దె ఎంతో చెప్పకముందు, ఎంతమంది అని అడక్కముందు, గొంతు కాస్త తగ్గించి, చాలా మర్యాదగా: "మీరేవిట్లండీ?"

మావాణ్ణి కూడా అడిగారు. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే. ఆ గదిలో ఏముంది కాపాడుకోడానికి? గుడా, మడా? సెప్టిక్ ట్యాంకు మూత మీద మంచం వేసి, ఏడాదికోసారి ఆ మంచం వీధిలో పెట్టించి, గాలి గొట్టానికి చొక్కాలు తగిలించుకోమని చెప్పే చోటుకి మీకు కులం కావాలా? ట్యాంకులో పడేదానికి లేని కులం దానిమీద పడుకునేవాడికి ఎందుకయ్యా? అద్దె నోట్ల మీద అడిగారా ఎప్పుడైనా, ఇది ఎవరెవరి చేతులు మారి వచ్చిందని? సరిపోయే కులం దొరక్క నెలల తరబడి బోర్డు వేలాడదీసుకునే ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఆ బోర్డు కింద నుంచే పిల్లలు పెద్దాసుపత్రికీ కాలేజీకీ మైళ్ళకి మైళ్ళు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు, ఊరి బయట దొరికిన గదుల నుంచి.

మావాడు సమాధానం చెప్పకుండా గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకున్నాడు. ఓనరుగారు గేటు దాకా వచ్చి సాగనంపారు. "కాజా తినలేదేంటి బాబూ, తాపేశ్వరం నుంచి తెప్పించాం," అన్నారు.

మర్యాదకి మాత్రం మా జిల్లాల్ని ఎవరూ వంక పెట్టలేరు. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తే వందల రకాల పిండివంటలు పెట్టి, అవన్నీ బల్లల మీద వరసగా పేర్చి, మధ్యలో అల్లుణ్ణి కూర్చోబెట్టి తీసిన ఫొటో ఏటా పేపర్లో వస్తుంది. నర్సమ్మాయి ఓనర్లింటికీ అలాగే ఒక అల్లుడు వచ్చాడు. ఆయనతో పాటు ఆయన తమ్ముళ్ళు, తమ్ముళ్ళ స్నేహితులు, కోడిపందాలు చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకో కారెడు మంది. అందరికీ పడకలు ఎక్కడ చాలతాయి? అందుకని నర్సమ్మాయికి భోగి ముందురోజే కబురు పెట్టారు, నాలుగు రోజులు ఊరెళ్ళి రమ్మని, తాళం ఇచ్చి వెళ్ళమని. జనవరి కదా, రేకుల కింద చల్లగా ఉంటుంది, అల్లుడి తమ్ముళ్ళకి బావుంటుందట.

ఆ నాలుగు రోజుల అద్దె తగ్గిస్తారా అని ఆ పిల్ల అడిగింది. ఓనరమ్మగారు చాలా నొచ్చుకున్నారు. పండగ పూట డబ్బుల మాటలేంటమ్మా అన్నారు. పండగ వెళ్ళాక డబ్బా నిండా అరిసెలు పంపించి, డబ్బా మాత్రం కడిగి తిరిగి తెచ్చివ్వమన్నారు.